ఉమ్మడి బండి ఏం తాగుతుంది?

ఆ వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాంతో ఎవరైనా పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు. ఊరి చివర పెద్ద నర్సరీ నుంచి పూలమొక్కలు, కుండీలు, మట్టి బస్తాలు పికప్ బండిలో వేసుకుని ఇళ్లకీ ఆఫీసులకీ చేరవేస్తుంది. దారి పొడుగునా మొక్కలతో కబుర్లు చెబుతుందని ఒక ప్రచారం ఉంది. అది శుద్ధ అబద్ధం. ఆమె మాట్లాడేది బండితో.

ఆ బండి సంగతి చెప్పకుండా ఆమె సంగతి చెప్పడం కుదరదు. బండి వాళ్ల నాన్నది. ఆయన పోయేముందు, "అమ్మకండి, ముగ్గురూ పంచుకోండి" అన్నాడు. పొలమైతే గట్టు వేసుకోవచ్చు, ఇల్లయితే గోడ కట్టుకోవచ్చు, బండినెలా పంచుతారు? వీళ్లు పంచారు. అన్నయ్యది టింకరింగు, పెయింటింగు షెడ్డు కాబట్టి బాడీ అంతా ఆయన వాటా. తమ్ముడు మెకానిక్కు కాబట్టి ఇంజను అతనిది. మధ్యలో పుట్టిన ఈమెకు రేకుల పని రాదు, నట్ల పని రాదు, బండి తోలడం వచ్చు. అందుకని డ్రైవరు సీటు ఆమెకి వచ్చింది. సీటంటే కూర్చునే హక్కు. అంతకు మించి ఒక మేకు కూడా ఆమెది కాదు.

పంపకం ఎంత బుద్ధిమంతులు చేసినా ఎక్కడో ఒకచోట హద్దు రాయి కదులుతుంది. ఇక్కడ అది హారన్ దగ్గర కదిలింది. హారన్ బాడీకి బిగించి ఉంటుంది కనుక తనదన్నాడు అన్నయ్య. కరెంటు లేనిదే కుయ్‌మనదు కనుక ఇంజను లెక్కలోకే వస్తుందన్నాడు తమ్ముడు. చిలికి చిలికి గాలివాన అయింది. ఆఖరికి ఎవరి హారన్ వాళ్లు బిగించారు. ఇప్పుడు ఆమె బొత్తాం నొక్కితే రెండూ ఒకేసారి, రెండు శ్రుతుల్లో అరుస్తాయి. ఎదురొచ్చే లారీవాళ్లు లోపల ఎవరో కొట్టుకుంటున్నారనుకుని పక్కకి తప్పుకుంటారు. అన్నదమ్ములకి మాత్రం ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఇద్దరి షెడ్లూ ఒకే సందులో ఎదురెదురుగా ఉన్నాయి. వాళ్ల భార్యలు రోజూ ఒకే మెట్టు మీద కూర్చుని కూరలు తరుక్కుంటారు, ఒకరి చంటిదాన్ని ఇంకొకరు ఎత్తుకుంటారు. పంతాలన్నీ మగవాళ్లవే. ఆ ఇద్దరి మధ్య మాటలు మోసే పని డ్రైవరమ్మది. "మీ తమ్ముడికి చెప్పు, ఆ పొగ నా పెయింటు మీదికి కొడుతోందని." "మీ అన్నయ్యకి చెప్పు, గాలి నా మాట వినదని." సందు ఎంతో వెడల్పు లేదు, ఎవరేమన్నా ఇద్దరికీ వినబడుతూనే ఉంటుంది. అయినా ఆమె దాటి వెళ్లి మళ్లీ చెప్పాల్సిందే, లేకపోతే వినబడనట్టే లెక్క. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే ఇదే. ఆమె మాత్రం తిట్లలో సగం సందు మధ్యలోనే పారేసి, మిగిలింది నవ్వుతూ అప్పజెప్పేది.

ఇలా సాగిపోతుండగా నర్సరీ యజమానురాలు ఒకరోజు బళ్లవాళ్లందరినీ పిలిచింది. ఆవరణలో కొత్తగా పంపు పెట్టించింది. అందులో వచ్చేది ఫ్లెక్స్ ఫ్యూయల్. అంటే పెట్రోలు కొంచెం, చెరకు నుంచో మొక్కజొన్న నుంచో తీసిన స్పిరిట్ ఎక్కువ. దానికి తగ్గ ఇంజనైతే పెట్రోలు పోసినా తాగుతుంది, ఇది పోసినా తాగుతుంది. మామూలు బండికి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, పైపులు పాడవుతాయి, బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది.

"ఎల్లుండి సోమవారం నుంచి ఈ పంపులో పోయించుకోగలిగిన బళ్లకే నా దగ్గర పని. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి," అంది యజమానురాలు.

డ్రైవరమ్మకి లెక్క వెంటనే తేలిపోయింది. నర్సరీ పని పోతే బండీ పోయినట్టే. "పనిలేని బండిని వీధిలో నిలబెట్టుకుని ఏం చేస్తాం? అమ్మేసి ఎవరి వాటా వాళ్లు తీసుకోవడమే," అని అన్నయ్య ఎప్పుడో అన్నాడు. తమ్ముడూ అదే మాట అన్నాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. అమ్మితే బాడీకో ధర పలుకుతుంది, ఇంజనుకో ధర పలుకుతుంది. కూర్చునే హక్కుని ఎవరు కొంటారు? తెల్లారి లేచి ఆ సీటులో కూర్చోకపోతే తను ఏమవుతుందో ఆమెకి ఊహకి కూడా అందలేదు.

నర్సరీ సూపర్‌వైజరు ఆ సాయంత్రమే బళ్ల పరీక్ష మొదలుపెట్టాడు. డ్రైవరమ్మ బండి చుట్టూ తిరిగి మురిసిపోయాడు. వెనక తొట్టిని మూసే డాలా మీద ఆకు బొమ్మ, పక్కన ఫ్లెక్స్ అని మెరిసే అక్షరాలు. ట్యాంకు దగ్గర చిన్న తలుపు తీస్తే లోపల అదే మాట అచ్చువేసిన స్టిక్కరు. మూత చూస్తే ఫ్లెక్స్ బళ్లకి పెట్టే పసుపు రంగు.

"పసుపు మూత! ఇంకేం కావాలమ్మా, పదహారణాల ఫ్లెక్స్ బండి నీది. పాస్! పోయించుకుని వెళ్లు," అన్నాడు.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఆమె వెయ్యలేదు. ఆ డాలా, ఆ తలుపు, ఆ మూత నాన్న నాటివి కావు. రేకు తుప్పు పట్టినప్పుడల్లా ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చి బిగించడం అన్నయ్య పద్ధతి. బాడీ చెప్పేది బాడీ మాట. లోపల ఇంజను ఏమంటుందో ఎవరికి తెలుసు? పైన పటారం, లోన లొటారం అయితే, బండి దారిలో ఆగిపోవడమొకటే కాదు. నీ రేకు నా ఇంజన్ని చంపిందని ఒకరు, నీ ఇంజను నా పరువు తీసిందని ఇంకొకరు అంటారు. ఇక ఈ జన్మకి ఆ సందు రెండు వైపులా కలవదు.

"ఇవాళొద్దు సార్, ట్యాంకులో పెట్రోలు నిండా ఉంది. సోమవారం పోయించుకుంటాను," అని చల్లగా జారుకుంది.

నేరుగా అన్నయ్య షెడ్డు ముందు బండి ఆపింది. ఆయన ఒక కారు తలుపుకి లప్పం పట్టిస్తున్నాడు.

"అన్నయ్యా, ఈ పసుపు మూత ఎక్కడిది?"

"ఏమ్మా, నచ్చలేదా? తెల్ల బండి మీద పసుపు ఎంత ముచ్చటగా ఉందో చూడు!"

"ముచ్చటగానే ఉంది. ఎక్కడిదని అడుగుతున్నా."

"స్క్రాపు బాబాయి దగ్గరిది. అచ్చం మన మోడలే, పల్టీ కొట్టిన బండి వచ్చింది. పైకప్పు నుజ్జు నుజ్జు, మిగతాదంతా బంగారం. తలుపులు, డాలా, మూత, అన్నీ దాన్నుంచే పట్టుకొచ్చా."

"అయితే మన బండి ఫ్లెక్సేనా?"

"నా వాటా వరకు ఫ్లెక్సే." అన్నయ్య లప్పం కత్తి ఎత్తి ఎదుటి షెడ్డు వైపు చూపించాడు. "ఇంజను సంగతి మీ తమ్ముణ్ణడుగు. నాన్న కాలం నాటి ఇంజను కదా, దానికి అంత భాగ్యం ఎక్కడిది?"

ఆమె సందు దాటింది. తమ్ముడు అప్పటికే అంతా విన్నాడు. విననట్టు ఒక బోల్టుని పట్టి పట్టి తుడుస్తున్నాడు.

"ఒరేయ్, మన ఇంజను ఫ్లెక్సా కాదా?"

"బాగానే నడుస్తోంది కదక్కా, తోలుకో."

"అడిగినదానికి చెప్పు."

"ముందద్దం కింద పలక మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబరుంటుంది. కంపెనీవాళ్లు ఏ ఇంజను పెట్టారో అందులో ఒక అక్షరం చెబుతుంది. సీటు కింద పుస్తకం ఉందిగా, చూసుకో," అని మళ్లీ బోల్టు మీద పడ్డాడు.

ఆమె పుస్తకం దుమ్ము దులిపి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసుకుంది. మామూలు పెట్రోలు ఇంజను అని ఉంది. వెనక్కొచ్చి, "కాదట్రా. అయిపోయింది," అంది.

తమ్ముడు ఆమె మొహం చూశాడు. బోల్టు పక్కన పెట్టాడు.

"అక్కా, అది పుట్టింటి పేరు."

"అంటే?"

"ఫ్యాక్టరీలో పుట్టినప్పటి మాట ఆ నంబరు చెప్పేది. ఆ తర్వాత..." ఎదుటి షెడ్డు వైపు ఒక చూపు చూసి గొంతు తగ్గించాడు. "నాన్న ఇంజను ఇప్పుడు బండిలో లేదు. నువ్వు జ్వరమొచ్చి పడుకున్నావు చూడు, అప్పుడే మార్చేశాను. దానికి ఊపిరి లేదక్కా. బతికించడానికి నేను పడని పాట్లు లేవు. మీ అన్నయ్యకి తెలిస్తే, నాన్న గుండె ఊడబీకావు కదరా అంటాడని నోరు మూసుకున్నా."

"కొత్తది ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

"స్క్రాపు బాబాయి దగ్గర. పల్టీ కొట్టిన బండి..."

"పైకప్పు నుజ్జు నుజ్జు, మిగతాదంతా బంగారం!" అంది డ్రైవరమ్మ. నవ్వు ఆగక పక్కనున్న టైరు మీద కూలబడిపోయింది. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే బండిని చెరోవైపు నుంచి పీక్కొచ్చారన్నమాట.

ఎదుటి షెడ్డులో లప్పం కత్తి చప్పుడు ఆగిపోయింది. అన్నయ్య సందు మధ్యకొచ్చి నిలబడ్డాడు. కళ్లు మాత్రం చెల్లెలి మీదే.

"చెల్లాయ్, నాన్న ఇంజన్ని తూకానికి అమ్మేశాడేమో అడుగు."

"షెడ్డు వెనకాల ఉందని చెప్పు. నూనె రాసి, పట్టా కప్పి ఉంచానని చెప్పు," అన్నాడు తమ్ముడు. గొంతులో రోషం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

అన్నయ్య లప్పం కత్తిని గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత, "నాన్న తలుపులు నా అటక మీదే ఉన్నాయని చెప్పు," అన్నాడు.

ఈసారి డ్రైవరమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగంటే ఇద్దరూ భుజాలు తడుముకున్నారని లోపల్లోపల నవ్వుకుంది. కాసేపటికి ఆమెకే ఇంకో అనుమానం వచ్చింది.

"సరే, ఇంజను తాగుతుందనుకుందాం. మూత చాటింపు వేస్తోంది. మరి మధ్యలో ట్యాంకూ పైపులూ ఎవరివి?"

ట్యాంకు బాడీకి వేలాడుతుంది కనుక అన్నయ్యదని తమ్ముడు, ఇంజనుకి తిండి పెట్టేది కనుక తమ్ముడిదని అన్నయ్య, ఇన్నేళ్లూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. హారన్ దగ్గర నాదంటే నాదన్నవాళ్లే ట్యాంకు దగ్గర నీదంటే నీదన్నారు. అది నాన్న నాటిదే, పాత రబ్బరు, పాత పైపులు.

"నోరుంది, కడుపుంది, గొంతే లేదన్నమాట," అంది ఆమె. "రేపు ఆదివారం. ఇద్దరూ షెడ్లు మూసుకుని నాతో స్క్రాపు యార్డుకి రండి. రాకపోతే ఈ సందులో ఇక ఒక్క మాట కూడా మొయ్యను."

ఆ బెదిరింపు పనిచేసింది. అన్నయ్య ముందు సీట్లో కూర్చున్నాడు, తమ్ముడు వెనక తొట్టిలో నిలబడ్డాడు. ఒకే బండిలో ఇద్దరూ వెళ్లడం చూసి వీధిలో వాళ్లు పళ్లు తోముకోవడం ఆపేశారు.

స్క్రాపు బాబాయి వాళ్లని చూసి నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వాడు. "ఇద్దరూ వేర్వేరుగా వచ్చారు. 'మావాడికి చెప్పకు బాబాయ్' అని ఇద్దరూ ఒట్టేయించుకున్నారు. ఆ రెండు ఒట్లూ కడుపులో పెట్టుకుని నేను నిద్రపోతే ఒట్టు! రండి, మీ బండి అక్కడే ఉంది."

యార్డు మూల, గడ్డిలో, తలుపులూ ఇంజనూ లేని ఆ బండి అట్టపెట్టెలా పడి ఉంది. డాలా మీద అక్షరాలు ఎవరైనా సరదాకి అతికించుకోవచ్చు, మూత ఎక్కడైనా కొనుక్కోవచ్చు. వాటిని నమ్మడానికి డ్రైవరమ్మ సిద్ధంగా లేదు. పగిలిన ముందద్దం కింద పలక మట్టికొట్టుకుపోయి ఉంది. తమ్ముడు చొక్కా కొసతో తుడిచాడు. అన్నయ్య నీడ పడకుండా పక్కకి ఒదిగి, రేకుని పైకి వంచి పట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో ఈ బండికి పెట్టిన ఇంజన్నే తమ్ముడు పట్టుకెళ్లాడు కనుక, ఈ నంబరు ఏం చెబితే అదే ఆ ఇంజను జాతకం. ఆమె వేలితో అక్షరాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. పుస్తకంలో చూసింది. నమ్మకం కలగక మళ్లీ చూసింది.

"ఫ్లెక్సే!" అని అరిచిన అరుపుకి గడ్డిలో పడుకున్న కుక్క లేచి పారిపోయింది.

"దాని కంప్యూటర్ డబ్బా కూడా తెచ్చావా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"ఇంజనుతో పాటే తెచ్చా. అది లేకపోతే ఏం తాగుతున్నదీ దానికే తెలీదుగా!"

ట్యాంకు, దాని లోపలి పంపు, పైపులు, అన్నీ ఆ పాత బండి కిందే చెక్కు చెదరకుండా ఉన్నాయి. బాబాయి విప్పి ఇచ్చాడు. దారిలో తమ్ముడు కొత్త సీళ్లు, గొట్టపు బిగింపులు కొన్నాడు. మధ్యాహ్నానికి సందు మధ్యలో బండి నిలబెట్టి పని మొదలుపెట్టారు.

ట్యాంకు తియ్యాలంటే వెనక తొట్టి ఎత్తాలి. తొట్టి బోల్టులు అన్నయ్యవి. కింద పైపులు విప్పేది తమ్ముడు. తొట్టిని గొలుసు కప్పీకి కట్టి అన్నయ్య లాగుతుంటే, తమ్ముడు చక్రాల మధ్య దూరాడు. మధ్యలో డ్రైవరమ్మ.

"ఇంకాస్త ఎత్తమను అక్కా."

"ఇంకాస్త ఎత్తమంటున్నాడు అన్నయ్యా."

"తొందరపడొద్దను."

"తొందరపడొద్దంటున్నాడ్రా."

ఇంతలో తొట్టికి ఒక పక్క కట్టిన తాడు జారింది. బరువంతా ఒరిగి, తమ్ముడి చెయ్యి ఉన్న వైపుకి దిగడం మొదలుపెట్టింది. డ్రైవరమ్మ నోరు తెరిచింది గానీ ఏ పక్కకి చెప్పాలో తెలియలేదు.

"ఒరేయ్, చెయ్యి తీయ్! చెయ్యి తీయరా చిన్నోడా!" అని అరిచాడు అన్నయ్య, గొలుసుకి ఒంటి బరువంతా వేసి వేలాడుతూ.

"తీశానన్నయ్యా! నువ్వు వదలకు, పట్టుకో!"

తొట్టి ఆగింది. తమ్ముడు దేక్కుంటూ బయటికొచ్చి గొలుసుకి ఇంకో చెయ్యి వేశాడు. ఇద్దరూ ఆయాసపడుతూ అలాగే నిలబడిపోయారు. ఏం జరిగిందో అప్పుడు తెలిసింది వాళ్లకి. అన్నయ్య మొహం ఎర్రబడింది.

"బుద్ధుందా నీకు? చెక్క పెట్టకుండా ఎవడైనా కింద దూరతాడా?"

"తాడు ఎవరు కట్టారో!"

"కట్టింది నేనే, నీలాగా..."

ఇంకేముంది, కట్ట తెగింది. తాడు గురించి, పొగ గురించి, హారన్ గురించి, ఎన్నడో అన్న మాటల గురించి, అనకుండా మింగిన మాటల గురించి, పని చేస్తూనే గంటల తరబడి తిట్టుకున్నారు. ఒక పానా ఇద్దరి చేతుల్లోంచీ అటూ ఇటూ మారుతూనే ఉంది. మెట్టు మీద కూర్చున్న తోడికోడళ్లు వంకాయలు తరగడం మానేసి వింటున్నారు. మొయ్యడానికి మాటల్లేక డ్రైవరమ్మ పెయింటు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆ తిట్లంత తియ్యటి మాటలు ఆమె ఈ మధ్య కాలంలో వినలేదు.

పాత ట్యాంకు నేల మీదికి దిగాక ఇద్దరూ చల్లబడ్డారు. అన్నయ్య దాని మీద చెయ్యి వేసి, "ఇది కూడా తీసేస్తే బండిలో నాన్నది ఇంకేం మిగిలిందిరా?" అన్నాడు.

తమ్ముడు బండంతా ఒకసారి చూశాడు. "సీటు. స్టీరింగు," అన్నాడు. ఆ తర్వాత అక్క వైపు చూశాడు. అన్నయ్య కూడా చూశాడు. పని మళ్లీ మొదలైంది.

సోమవారం పొద్దున ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని నర్సరీకి వెళ్లారు. తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ముందు కొంచెమే పొయ్యండి," అని పంపు దగ్గరివాడికి సవాలక్ష జాగ్రత్తలు చెప్పాడు. పోసిన తర్వాత డ్రైవరమ్మ తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని హాయిగా అందుకుంది. తమ్ముడు దిగి బానెట్ మీద చెవి ఆనించి విన్నాడు, అన్నయ్య కింద వంగి ఎక్కడైనా చుక్క కారుతోందేమో వెతికాడు. బండి ఆవరణ చుట్టూ తిరిగొచ్చింది. స్టీరింగు ముందు హెచ్చరిక దీపం వెలగలేదు, ఇంజనుకి దగ్గు రాలేదు.

సూపర్‌వైజరు గర్వంగా జేబులో చేతులు పెట్టుకున్నాడు. "పసుపు మూత చూడగానే చెప్పలేదూ! నా కన్ను ఎప్పుడూ తప్పదు."

"అవును సార్, మీ కన్ను మహా గట్టిది," అంది డ్రైవరమ్మ, పెదవి కొరుక్కుంటూ.

"సరే, పంపులో పేరెక్కించాలి. ఇకనుంచి ఓనరు పేరు చెబితేనే పోస్తారు. బండి ఎవరిది?"

ఆమె నోట్లో ఎప్పటి జవాబే సిద్ధంగా ఉంది, బాడీ మా అన్నయ్యది, ఇంజను మా తమ్ముడిది అని. అది పెదవి దాటే లోపే పక్కనుంచి రెండు గొంతులు లేచాయి.

"మా చెల్లెలిదండీ."

"మా అక్కదండీ."

సూపర్‌వైజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఒక్క బండికి ఇద్దరు ఓనర్లు కుదరదయ్యా. ఒకరెవరో తేల్చుకోండి."

"ఒకరేనండీ," అన్నాడు అన్నయ్య. "ఇదిగో, ఈ మనిషే," అన్నాడు తమ్ముడు.

డ్రైవరమ్మకి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కన్నవాళ్లు పెట్టిన పేరు చెప్పింది. ఇంజను చప్పుడులో సూపర్‌వైజరుకి వినబడలేదు. అతను చెవి దగ్గరికి తెచ్చి, "ఏమన్నావమ్మా?" అన్నాడు. ఈసారి ఆవరణంతా వినబడేలా చెప్పింది.